గాడిద చెవిపై దండయాత్ర

వినుడు, ఓ ఓపికగల జనులారా! ప్రచండమార్తాండుడు నడినెత్తి నెక్కి కూర్చుండి దిగుటకు మనసొప్పక యున్న వేళ, వీధికుక్కలు సైతము తమ పాతపగలను సాయంకాలమునకు వాయిదా వేసికొని గోడనీడల సోలియున్న వేళ, దిక్కులన్నియు కుట్టుమిషను చక్రఘోషతో దద్దరిల్లుచుండగా, ఒక ముందుగదిలో, కిటికీ ప్రక్కన, సగము గుడ్డముక్కలతోను సగము రంగుబుడ్లతోను నిండిన కత్తిరింపుబల్ల యను రణరంగమునందు, ఒక మానవునకును ఒక గాడిదచెవికిని నడుమ చెలరేగిన మహాసంగ్రామమును చెప్పబూనుచున్నాను. మానవుడు ప్రాణముతో నున్నవాడు. గాడిద బొమ్మలోనిది. అయినను పోరు చాలసేపు ఎటూ తేలలేదని చెప్పుటకు నాకే సిగ్గుగా నున్నది. కాని జరిగినది జరిగినట్లు చెప్పవలెను గదా.

ముందుగా మన వీరుని ఎరుగుడు. ఇతడు సమాసశూరుడు, విశేషణవర్షధారాధరుడు, నాలుగు పదములలో ముగియు మాటను నలుబది పదములకు సాగదీయగల దీర్ఘశ్వాసుడు, అముద్రిత మహాకావ్యసప్తక కర్త. పగటివేళ నీటిమీటర్ల ఆఫీసులో గుమాస్తా. ఇతని కావ్యములేడును అటకమీది ట్రంకుపెట్టెలో భద్రముగా నున్నవి. వాటిని తొలుత చదివినవి చెదపురుగులు. అవియును మొదటి సర్గ దాటి ముందుకు పోలేదు.

ఇతనికొక పేరు కలదు. తల్లిదండ్రులు ఏరికోరి పెట్టినది, నోటినిండుగా పలుకవలసినది, పొడవైనది. కష్టమేమనగా, ఆ పేరును పలుకు నోరు లేదు. ఇంటిలో భార్యకు అతడు "ఏవండీ". మరదలికి "బావ". ఆఫీసులో "మీటర్ల సారు". ఇక వీధిలోనన్ననో, భార్య పేరుగాంచిన టైలరు గనుక, పాలాయన మొదలు ఇంటి ఓనరు వరకు ఎల్లరకును అతడు "టైలరమ్మగారి ఆయన". ఎవరైనను అతని పేరు పెట్టి పిలిచినచో ఆ పిలుపు మరెవరికో యనుకొని సాగిపోవును. వెనుదిరిగి చూచు అలవాటే తప్పిపోయినది. అతని తక్కిన దుఃఖములన్నియు కొనితెచ్చుకొన్నవే. ఈ ఒక్కటి మాత్రము నిజమైనది. కావున ఇచ్చట ఒక్క క్షణము జాలిపడి, పిమ్మట మరల నవ్వుకొనుడు.

ఈ ఇంటనే మరియొక యోధురాలు కలదు. ఆమె టైలరమ్మకు చెల్లెలు, మన శూరునకు మరదలు, పిల్లల పుస్తకములకు బొమ్మలు గీయుట వృత్తిగాగల చిత్రకారిణి. అక్క గుడ్డలు కత్తిరించు బల్లమీదనే, సుద్దతో గీచిన సరిహద్దుకు ఇవతల, కుంచెలు పరచుకొని పని చేసికొనును. పిల్లలకొక బొమ్మల నవల కావలెనని, అందొక వీరుడు దేనినో వెదకుచు పోవలెనని, చదివినవారికి నవ్వు రావలెనని పుస్తకాల కంపెనీవారు ఆమెను అడిగిరి. బొమ్మలు ఆమెకు వచ్చును, కథ కావలెను. ఆ మాట చెవిని బడిన మరుక్షణమే మన శూరుడు స్నానాలగదిలోనుండి సబ్బునురుగుతోనే వెలికివచ్చి, కథ తనదని ప్రకటించెను. అతనిని ఆపుటకు ఎవరికిని వ్యవధి చిక్కలేదు.

కథ చెడ్డది కాదు, ఆ మాట ఒప్పుకొందము. ఒక రాజుగారి తలగడను రెక్కలపాము ఎత్తుకొనిపోవును. తలగడ లేక రాజుకు నిద్ర పట్టదు. తనకు పట్టని నిద్ర ప్రజలకు మాత్రమేల యని రాజు రాజ్యమంతటను నిద్రను నిషేధించును. కాపలావాళ్లు ఇల్లిల్లు తిరిగి, ఆవులించినవారిని పట్టుకొనిపోవుదురు. అప్పుడొక వీరుడు తలగడను తెత్తునని గుహవైపు బయలుదేరును. ఇంతవరకు బాగు. అటుపిమ్మట ఆ వీరుడు నోరు తెరచును. తెరచిన నోరు మరి మూయడు.

బొమ్మల నవలలో పాత్రల మాటలు వారి తలలపై బుడగలలో నుండునని మీరెరిగినదే. మన శూరుడు వ్రాసిన తొలి వీరాలాపమునకు చాలినంత బుడగను మరదలు గీచి చూడగా, ఆ బుడగ కొండను మ్రింగెను, కోటను మ్రింగెను, వీరుని కిరీటమునుండి మోకాళ్లవరకును మ్రింగెను. గడిలో వీరుని చెప్పులును, క్రింది మూలలో బెత్తెడు ఖాళీయును మాత్రమే మిగిలినవి. ఆ బెత్తెడును వృథాపుచ్చుట ఇష్టములేక మరదలు అచ్చట ఒక గాడిద తలను గీచెను. గాడిద మాటలాడలేదు. బుడగవైపు ఓరగా చూచుచు, ఎడమచెవిని మాత్రము నిక్కించి నిలిచెను. మన కథలోని నిజమైన వీరుడు పుట్టినది ఆ మూలలోనే.

ఆ పుస్తకాల కంపెనీకొక అలవాటు కలదు. పెన్సిలు బొమ్మలను అచ్చునకు ముందే ఒక బడిలో పిల్లల నడుమ పడవేసి, పెద్దలు నోరు మెదపక గోడకానుకొని నిలిచి, పిల్లలు ఎచ్చట నవ్వుదురో, ఎచ్చట ఆవులింతురో చూచుకొందురు. వీరుని ప్రసంగములు వచ్చినపుడెల్ల పిల్లలు పుటలు తిప్పివేసిరి. గాడిద చెవి కడ మాత్రము వ్రేలు పెట్టి ఆగిరి. చెవి లేచినదనగా ఏదో ముప్పు వచ్చుచున్నదని వారే కనిపెట్టిరి, వారే బొమ్మలోని వీరునకు అరచి చెప్పిరి. వీరుడు వినడాయెను. వినకుండుటను చూచి క్రిందపడి దొర్లిరి. గాడిద ప్రతి పుటలోను ఉండవలెనని, వీరుని మాటలు బుడగకు రెండేసి వరుసలు మించరాదని అంతట కంపెనీనుండి ఫోను వచ్చెను. ఆ పూట మన శూరుడు అన్నము సగములో వదలి లేచెను. మిగిలిన సగమును కాసేపటికి వచ్చి తినెను.

అక్షరములు పోయినవి, సమాసములు పోయినవి, ఉపమానములన్నియు గడ్డివాములో పడినవి. మిగిలినది పేరు. అట్టమీద తన పేరు! ఆ ఒక్క ఆశతో అతడు ప్రాణము నిలుపుకొనెను.

అట్టమీది అక్షరములను మరదలు అచ్చువారికి వదలదు. కుంచెతో తన చేతనే బొమ్మలో కలిపి వ్రాయును. బొమ్మ ఇట్టిది: నడుమ వీరుడు రొమ్ము విరుచుకొని ముందునకు నడచుచుండును. వెనుక, అతడు చూడని చోట, రెక్కలపాము నోరు తెరచుకొని యుండును. కుడివైపున గాడిద ఉండును. దాని ఎడమచెవి ఆకాశమునకు నిలిచి, అట్ట పై మూలనంతయు ఆక్రమించి యుండును. పైభాగమున మొదట పెన్సిలుతో వ్రాసినపుడు మన శూరుని పేరు చీమలబారంత ఉండెను. అతడు ప్రక్కన నిలిచి గొంతు సవరించుకొని, కాస్త పెద్దది చేయరాదా యనెను. మరదలు చేసెను. మరునాడు ఇంకొంచెమనెను. అటుపిమ్మట, తన పేరు మరదలి పేరుకన్న పెద్దదైనందుకు ఆమె ఏమనుకొనునో యని నొచ్చుకొనుచునే, ఇంకొంచెమనెను. పేరు పెరిగెను. కథ పేరును మించెను. వీరుని తలను మించెను. అట్ట ఎడమ అంచునుండి దండువలె కదలి, ఆకాశమునంతయు ఆక్రమించుకొనుచు, పక్షులను, మబ్బులను తరిమివేయుచు వచ్చి, కట్టకడపట గాడిద చెవిని ఢీకొని ఆగెను. ముందు సగము చెవికి ఇవతల మిగిలెను. కడసగము కనబడకుండ పోయెను. మరదలు అట్లే రంగులు వేసి, సిరా పట్టించి, ఆరబెట్టెను.

ఈ ఘోరమును శూరుడు కనుగొన్నది అట్టను ప్రెస్సుకు పంపవలసిన నాటి ఉదయమున. కడుపునొప్పియని ఆఫీసుకు కబురు పంపి, బల్లయెదుట నిలిచి, తన సగము పేరును చూచి అతడు నిజముగానే కడుపు పట్టుకొనెను. మరదలు తలయెత్తి శాంతముగా మార్గము చెప్పెను.

"పేరు కాస్త తగ్గించనా బావా? చిన్నగా రాస్తే చెవికి ఇవతలే మొత్తం పట్టేస్తుంది."

తగ్గుటయా! పెరిగిన పేరు తగ్గుటయా! మన శూరుడు రెండడుగులు వెనుకకు వేసి, ఇస్త్రీపెట్టె తీగ కాలికి చుట్టుకొనగా దానిని వదలించుకొని, కుడిచేతిని కిటికీవైపు చాచి, ఇట్లు గర్జించెను:

"ఓ వర్ణవిన్యాసవిచక్షణా! సప్తమహాకావ్యనిర్మాణధురంధరుడనైన నా నామధేయము, తృణభక్షకమగు ఒకానొక గార్దభముయొక్క రోమశకర్ణము చాటున, రాహుగ్రస్తుడైన సుధాకరునివలె అర్ధాంగహీనమై అలమటించుటయా? దించుము! ఆ కర్ణమును తత్క్షణమే దించుము! లేనిచో ఈ చరాచరప్రపంచము..."

చరాచరప్రపంచము ఏమగునో అతనికి వెంటనే తోచలేదు. ఆ సందు చూచుకొని మరదలు కుంచెను నీళ్లలో కడుగుకొనుచు బదులు చెప్పెను.

"చెవి దించితే ప్రమాదం లేదని అర్థం బావా. పాము నోరు తెరుచుకుని అక్కడే ఉంది కదా. చెవి దించితే గాడిద కూడా మీ వీరుడంత మొద్దుదైపోతుంది."

ధర్మము తేల్చుటకు టైలరమ్మను పిలిచిరి. ఆమె మెడలోని టేపును తీసి, ముందు పేరును కొలిచెను, పిమ్మట చెవిని కొలిచెను, కళ్లజోడు సవరించుకొని రెండును మరల కొలిచెను. న్యాయమూర్తులకుండవలసిన నిదానమంతయు ఆమె వద్ద నుండెను.

"గుడ్డ చాలకపోతే కొలత తగ్గించుకుంటాం గానీ మనిషిని కత్తిరిస్తామా అండీ? పేరే తగ్గించుకోండి" అని తీర్పు చెప్పెను. అతడు ఇంకేదో అనబోవుచుండగా దారపు కొసను పెదవులనడుమ పెట్టుకొని సూదివైపు తిరిగెను. నోట దారమున్న టైలరు ఎవరికిని జవాబు చెప్పనక్కరలేదు. ఆ సంగతి ఆమెకు బాగుగా తెలియును.

ఇట్లు రాయబారము విఫలమైనది. శూరుడు గదిమూలనున్న ముక్కాలిపీటపై కూర్చుండి, గాడిద వైపు చూచెను. గాడిద అతని వైపు చూడలేదు. దాని చూపు పామువైపు గీయబడియున్నది. అదియే అతనిని ఎక్కువగా బాధించెను. ఏడు కావ్యములను కన్నవాడు, గడ్డి తప్ప వేరేమియు ఎరుగని ఒక జంతువుచేత, అదియును కాగితపు జంతువుచేత, ఇంత చులకనగా చూడబడవలెనా! రెండు గంటలకు ప్రెస్సువాడు స్కూటరుపై వచ్చి అట్టను తీసికొనిపోవును. ఆ పిమ్మట ఎన్ని ఇండ్లకు ఆ పుస్తకము పోవునో అన్ని ఇండ్లలోను అతడు సగము మనిషిగా మిగిలిపోవును. 

మధ్యాహ్నము మరదలు అన్నము తినుటకు వంటగదికి పోయెను. టైలరమ్మ కొలతలిచ్చుటకు వచ్చిన ఒక ఆమెను పరదా వెనుకకు తీసికొనిపోయెను. మిషను ఆగెను. రణరంగము నిర్మానుష్యమాయెను. అప్పుడు, ఓ జనులారా, మన శూరుడు లేచెను! లుంగీ ఎగగట్టెను! పరదావైపు ఒక చెవియు, వంటగదివైపు ఒక చెవియు ఒగ్గి, పిల్లి అడుగులతో బల్లను సమీపించి, మరదలి కుంచెలలో అత్యంత సన్ననిదానిని, అనగా ఆమె ఎవరిని ముట్టనీయనిదానిని, ఒరనుండి దూసినట్లు డబ్బానుండి దూసెను. తెల్లరంగు బుడ్డి మూత రాదాయెను. పళ్లతో తీసెను. పెదవులు తెల్లబడినవి.

అంతట సాగినది సమరము. శ్వేతవర్ణధారాపాతముచేత కర్ణాగ్రమును కప్పుచు, నల్లని వెంట్రుకలొక్కొక్కటే రంగును చీల్చుకొని మరల తలయెత్తుచుండగా వానిపై మరియొక పూత, ఆ పూతపై ఇంకొక పూత వేయుచు, నుదుటిచెమట అట్టపై బడునేమో యని తల వెనుకకు వంచి, మెడ పట్టివేసినను వెనుదీయక, సగము చెవిని అతడు భూమండలమునుండి తుడిచివేసెను. చెవి మొండిగా మిగిలెను. అతడు ఊపిరి పీల్చుకొని, ఇక తన పేరు కడసగము వెలువడునని, తెర తొలగినపిమ్మట రాజు కనబడినట్లు కనబడునని, వంగి చూచెను.

అచ్చట ఏమియు లేదు.

ఈ ఘట్టమును గంభీరముగా చెప్పుట నావల్ల కాదు. ఆ మహానుభావుడు తన పేరు చెవి వెనుక ఉన్నదని అనుకొనెను! బీరువా వెనుక పడిన దువ్వెనవలె, చెవిని తొలగించినచో దొరకునని అనుకొనెను! మరదలు కనబడు అక్షరములను మాత్రమే వ్రాసినది. కనబడనివాటిని పనిగట్టుకొని ఎవరు వ్రాయుదురు? ఇంతటి సంగతి పాలుతాగు పసివానికిని తోచును. మన సప్తకావ్యకర్తకు తోచలేదు. పైగా, చెప్పుటకు నాకు నోరు రాకున్నది గాని, అతడు అట్టను మెల్లగా తిరగవేసి వెనుకవైపు కూడ చూచెను. వెనుకవైపున టీగ్లాసు మరక ఒకటి ఉండెను.

ఇప్పుడు పేరు సగమే, చెవియు సగమే. దూరమున స్కూటరు చప్పుడు. వేరొకడైనచో పారిపోయెడివాడు. ఇతడు నల్లసిరాలో కుంచె ముంచి, మిగిలిన అక్షరములను తానే వ్రాయబూనెను. నీటిమీటర్ల అంకెలు వ్రాసి వ్రాసి అలసిన చేయి అది. తడి ఆరని తెల్లరంగుపై సిరా పాకెను. మొదటి అక్షరము కుంటెను. రెండవది దానిమీద ఒరిగెను. కడపటి అక్షరము తోక మాత్రము అతని చేతిని మీరి, క్రిందికి జారి, కొక్కెమువలె వంగి, నోరు తెరచుకొన్నట్లుగా సరిగ్గా గాడిద మొండిచెవి కడ ఆగెను. అతడు కుంచెను పైకెత్తిన వేళకు మరదలు తడిచేతులు తుడుచుకొనుచు గుమ్మములో నిలిచియుండెను.

  ఆమె బల్లకడకు వచ్చి, వంగి, చెవి ఉండిన చోటును చూచెను. ఆ చెవికొరకు ఆమె ఎన్ని నాళ్లు కాగితములు చింపినదో, గాడిద తలవంపులో ఆ మాత్రము దిగులు తెచ్చుటకు ఎంత అవస్థపడినదో ఆ ఇంటిలో అందరకును తెలియును. ఆమె కళ్లలో నీళ్లు తిరిగినవి.

"చెవి ఏది బావా?"

సమాసశూరునకు ఒక్క సమాసమును దొరకలేదు. తెల్లని పెదవులతో నిలుచుండి, నేల చూచుచు, జీవితములో తొలిసారిగా పొట్టిమాట ఆడెను.

"వెనకాల ఉంటుందనుకున్నాను."

"ఏది?"

"నా పేరు."

పరదా తొలగించుకొని టైలరమ్మ వచ్చెను. అట్టను చూచెను, భర్త పెదవులను చూచెను, జరిగినదంతయు ఒకరు చెప్పకుండగనే గ్రహించెను. అంత పేరు ఏమి చేసికొందువని ఆమె అడుగగా, అతడు బల్ల అంచున గోటితో గీచుచు, పెళ్లయిననాటినుండి నీవు కూడ ఒక్కసారి ఆ పేరు పలుకలేదని మెల్లగా అనెను. అది నిజము. ఆమెకు ఆ మాట తగిలినది. అయినను అబద్ధమాడుట ఆమెకు చేతకాదు.

"ఇప్పుడు పిలవమన్నా నాకు నోరు తిరగదండీ" అనెను.

వాకిట స్కూటరు ఆగెను. ప్రెస్సువాడు హెల్మెటు తీయకనే గుమ్మములో నిలిచి, అచ్చుమిషను వేడెక్కియున్నదని, అట్ట ఇప్పుడిచ్చినచో ఇచ్చినట్లు, లేనిచో ఈ పుస్తకము వంతు పోయి వేరొకరి పుస్తకము ఎక్కునని చెప్పెను. బొమ్మను మరల గీయుటకు వ్యవధి లేదు. చేయదగినది ఒక్కటే కనబడుచున్నది: ఆ వంకర అక్షరములపై నల్లరంగుతో చెవిని మరల నిలుపుట. నాలుగు గీతల పని. మరదలు కుంచెను అందుకొని, రంగులో ముంచి, చెవి మొండివైపు వంగెను. మన శూరుడు కనులు మూసికొనెను. తన పేరు రెండవమారు మునుగుటను చూడగల ధైర్యము ఏ కావ్యములోను అతడు వ్రాసికొనలేదు.

కుంచె కాగితమును తాకిన చప్పుడు వినబడదు. కాని కాసేపటికి ప్రెస్సువాని నవ్వు వినబడెను. శూరుడు కనులు తెరచెను.

చెవి మొండిగానే యుండెను. అతని అక్షరములు వంకరగానే యుండెను. కాని కడపటి అక్షరపు కొక్కెములో, పైన రెండు, క్రింద రెండు, తెల్లని పళ్లు మొలచియుండెను. ఆ పళ్ల నడుమ గాడిద చెవి చిక్కియుండెను. చెవికొసన ఎఱ్ఱని చుక్క ఒకటి. గాడిద కనుగ్రుడ్డు పామును వదలి, పైకి, అతని పేరువైపు తిరిగియుండెను.

"ఈ పేరు చెవి కొరుకుతోందేంటండీ?" అని ప్రెస్సువాడు అడిగెను.

"కొరికింది పేరు కాదు, ఈయనే" అనెను మరదలు. కుంచెను కడిగి గుడ్డతో తుడిచి, బావవైపు చూడకుండగనే మరల అనెను: "గాడిద అంతసేపు చెవి ఎందుకు నిక్కించిందో నాకిప్పటికి తెలిసింది. ప్రమాదం పాము కాదు."

అట్ట ప్రెస్సుకు పోయినది. ఆ రోజు తరువాత ఆమె తన కుంచెలను తాళమువేసి దాచుకొనుచున్నది. బావతో మాటలాడుటకు వారము పట్టెను. ఆ వారమంతయు అతడు ముక్కాలిపీటపైనే కూర్చుండి, గుండీలు ఊడినచోట్ల కుట్టి ఇచ్చెను. ఒకటియు సరిగా కుట్టలేదు. టైలరమ్మ అన్నిటిని విప్పి మరల కుట్టుకొనెను.

పుస్తకము వచ్చినది. మన శూరుడు ఆఫీసునుండి వచ్చుచు ప్రతి సాయంకాలము పుస్తకాల దుకాణములోనికి, ఎవరికొరకో వచ్చినవానివలె ప్రవేశించి, ఇంటిపద్దుల పుస్తకముల అరయెదుట నిలిచి, కుడికంటితో పిల్లల అరను కనిపెట్టుచుండెను. పిల్లలు వచ్చిరి. తీసిరి. నవ్విరి. గాడిద యనిరి, పాము అనిరి, తలగడ యనిరి. పేరు చదివినవాడు లేడు. నాలుగవ నాటికి అతని కనుకొస నొప్పిపెట్టెను.

అంతట ఒకనాడు, పళ్లూడిన చిన్నపిల్ల ఒకతె, తండ్రి చేయి విడిచి వచ్చి, ఆ పుస్తకమును అందుకొనెను. అట్టను చూచి నవ్వబోయి, ఆగెను. కనుబొమలు ముడివడినవి. కొరికినది ఎవరో తెలిసికొనవలెనని పట్టుదల వచ్చినది కాబోలు, అట్ట ఎడమ అంచున వ్రేలు పెట్టి, అక్షరమక్షరముగా, తడుముకొనుచు, వెనుకకు పోయి మరల అందుకొనుచు, కుంటి అక్షరము కడ నిలిచి, ఒరిగిన అక్షరమును మెడవంచి చూచి, పళ్లున్న అక్షరమువరకును, ఆ పేరును బిగ్గరగా, సంపూర్ణముగా చదివెను. దుకాణములో పంకా తిరుగుచుండెను. మన శూరుడు పద్దుల పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొని నిలిచియుండెను. 

ఆ పేరేమిటని నన్నడుగుదురా? అట్టమీద ఉన్నది, కొని చదువుకొనుడు. అంత పొడవు పేరును ఉచితముగా పలుకుటకు నాకు మాత్రము ఓపిక ఎక్కడిది?

అతడు పిల్లయెదుటికి వచ్చి, వంగి, ఏదో గొప్పగా అనవలెనని చూచెను. నోట వచ్చినది ఇంతమాత్రమే:

"ఆ పేరు నాదేనమ్మా."

పిల్ల అతనిని పాదములనుండి తలవరకు చూచెను. నోటివైపు మరికొంతసేపు చూచెను. పిమ్మట పుస్తకమును గడ్డము క్రింద గట్టిగా అదిమిపట్టి, రెండు చేతులతో తన రెండు చెవులను మూసికొనెను. అట్లే, చెవులు మూసికొనియే, పుస్తకమును విడువక, డబ్బులిచ్చు బల్లవద్దనున్న తండ్రికడకు వెనుకనడకన పోయెను.

ఆ రోజునుండి ఆ వీధిలో అతడు టైలరమ్మగారి ఆయన కాడు. ఆ పిల్ల చెప్పగా విని వీధిపిల్లలు మొదలుపెట్టిరి, పాలాయన అందుకొనెను, ఇంటి ఓనరు కూడ మానలేదు. సాయంకాలము సంచితో వచ్చుచుండగా గోడ చాటునుండి ఎవడో "చెవి కొరికినాయనా!" యని పిలుచును. ఆ పిలుపు వినగానే, ఎన్నో ఏండ్లుగా ఏ పిలుపునకును తిరుగని ఆ మెడ, వెంటనే తిరుగును. పిల్లలు చెవులు మూసికొని పరుగెత్తుదురు. అతడు పళ్లు కనబరచి నిలుచుండును.

జయము, ఓ జనులారా, జయము! సప్తకావ్యకర్త గెలిచెను, సగము చెవి ఓడెను! ఏడు కావ్యములు చేయజాలని కార్యమును నాలుగు పళ్లు సాధించినవి; ఒక పేరు, మొదటినుండి కొసవరకు, ఒక్క నోట, ఒక్కమారు పలుకబడినది. దుందుభులు మ్రోయవలసినదే గాని, ముందుగదిలో టైలరమ్మ మిషను తొక్కుచున్నది, మ్రోసినను మనకు వినబడదు. ఆమె మిషను ఆగినపుడు, ఎవరును లేరనుకొని, సూదివైపు చూచుచు, ఆ పేరును పలుకుట నేర్చుకొనుచున్నది. సగము వరకు వచ్చినది.